ముప్పైమంది ఆరోగ్యవంతులు కావలెను

పెద్దాసుపత్రి మూడో అంతస్తు గోడకు, ముప్పైమంది ఆరోగ్యవంతులు కావలెనని ఒక నోటీసు అంటించారు. కింద పెద్ద డాక్టరుగారి సంతకం, ఆఫీసు ముద్ర ఉన్నాయి. దాని పక్కనే, ఈ గోడకు ఆనుకుని ఎవరూ కూర్చోరాదని ఇంకో నోటీసు ఉంది. ఆసుపత్రికి ఆరోగ్యవంతులతో ఏం పని అని మీరు అడగరు. మీరు చదువుకున్నవాళ్ళు.

చదువుకోనివాళ్ళ కోసం చెబుతున్నాను. మూడో అంతస్తు కామెర్ల వార్డు. ముప్పై మంచాలు, ముప్పైమంది రోగులు. వైరసు వల్ల కాలేయం వాచినవాళ్ళు. వీళ్ళ రక్తంలో ఆక్సీకరణ ఒత్తిడి ఎంత పెరిగింది, యాంటీఆక్సిడెంట్లు ఎంత తరిగాయి అన్న దాని మీద పెద్ద డాక్టరుగారు పరిశోధన మొదలుపెట్టారు. రోగులకు అర్థమయ్యేలా ఆయనే ఒకరోజు వార్డు మధ్య నిలబడి వివరించారు.

"ఇనుము తుప్పు పడుతుంది కదా. మనిషి ఒళ్ళూ అంతే, లోపల తుప్పు పడుతూ ఉంటుంది. ఇనుముకు రంగు వేస్తే తుప్పు ఆగుతుంది. మన ఒంట్లో ఆ రంగు పని చేసేవి యాంటీఆక్సిడెంట్లు. వైరసు వచ్చిందంటే తుప్పు పెరుగుతుంది, రంగు తరుగుతుంది. ఎంతనేది మేము కొలుస్తాము."

ఆ రోజునుంచి వార్డులో దానికి తుప్పు పరీక్ష అని పేరు పడింది. రక్తం తీస్తే రెండు అంకెలు వస్తాయి. ఒకటి తుప్పుది, ఒకటి రంగుది. అయితే రోగుల తుప్పు ఎక్కువో తక్కువో చెప్పాలంటే పక్కన పెట్టి చూసుకోవడానికి జబ్బు లేనివాళ్ళ తుప్పు కావాలి. నోటీసు అందుకు.

ముందు ఇంట్లోవాళ్ళనే అడగడం మర్యాద కాబట్టి సిబ్బందిని అడిగారు. రికార్డుల గుమాస్తాకు చక్కెర ఉంది. గేటు దగ్గర కాపలా ఉండే ఆయనకు బీపీ ఉంది. మందులు ఇచ్చే కిటికీలో ఉండే ఆయనకు కడుపులో పుండు ఉంది, ఆ కిటికీలోంచి ఇచ్చే మందులే వాడుతున్నాడు. వైద్య విద్యార్థులు నోటీసు చదివి, చాలా గొప్ప పరిశోధన అని మెచ్చుకుని, లిఫ్టు ఎక్కారు. వీధిలో కసరత్తులు నేర్పే వస్తాదు ఒకడు ఛాతీ విరుచుకుని వచ్చాడు గానీ సూది చూసి కళ్ళు తిరిగి పడిపోయాడు. పది రోజులు వెతికినా ఊళ్ళో ఆరోగ్యవంతుడన్నవాడు తేలలేదు. ఇది ఆసుపత్రికి మంచి వార్తే గానీ పరిశోధనకు కాదు.

పదకొండో రోజు ఉదయం రౌండ్సులో పెద్ద డాక్టరుగారి బూటుకు ఏదో మెత్తగా తగిలింది. వంగి చూస్తే మనిషి.

"ఎవరిది ఇది?" అన్నారాయన.

"మంచం పదిహేడు తాలూకు సార్," అంది పెద్ద సిస్టరు.

"కేసు షీటు ఉందా?"

"లేదు సార్."

"ఓపీ చీటీ?"

"లేదు సార్. భార్య."

"అంటే ఈమె మీద ఈ ఆసుపత్రిలో ఇప్పటిదాకా ఏ జబ్బూ నమోదు కాలేదు."

"కాలేదు సార్."

పెద్ద డాక్టరుగారి ముఖం వెలిగిపోయింది. తల తిప్పి చూశారు. ప్రతి మంచం పక్కనా నేలమీద ఒకరు ఉన్నారు. భార్యలు, తల్లులు, అక్కలు, ఒకరిద్దరు అన్నలు. ముప్పై మంచాలకు ముప్పైమంది. పదేళ్ళుగా ఆ వార్డులో తిరుగుతున్నా ఆయన చూపు మంచం ఎత్తుకు కిందికి దిగలేదు. మహానుభావుల చూపు అంత నిలకడగా ఉంటుంది.

సాయంత్రానికి ముప్పైమందికీ తలా ఒక ఆకుపచ్చ కార్డు అందింది. "ఈ కార్డు గలవారు ఆరోగ్యవంతులు. పరిశోధన ముగియువరకు, అనగా ఆరు వారాలపాటు, వీరు ఆరోగ్యవంతులుగానే ఉండగలరు" అని దాని మీద అచ్చు వేశారు. కింద వేలిముద్ర. రోగుల చేతా ఒక కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు. జబ్బు ముందే తగ్గిపోయినా ఆరు వారాలు నిండేదాకా వాళ్ళు రోగులుగానే ఉంటామని అందులో ఉంది. ఇటువాళ్ళు అటు, అటువాళ్ళు ఇటు కదిలితే లెక్క చెడుతుంది. గందరగోళం లేకుండా మంచం ఒకటి, నేల ఒకటి, మంచం రెండు, నేల రెండు అని అంకెలు వేశారు.

నేల పదిహేడు అంటే బూటుకు తగిలిన మనిషి. ఇంటి దగ్గర మిషను కుడుతుంది. అందరూ మిషనమ్మ అంటారు. ఆమె భర్త, మంచం పదిహేడు, లారీ డ్రైవరు. ఇద్దరు పిల్లల్ని తల్లి దగ్గర వదిలిపెట్టి వచ్చింది. వచ్చిన రెండో రోజే పెద్ద సిస్టరు దగ్గర సూదీ దారం అడిగి తీసుకుని వార్డులో చిరిగిన దుప్పట్లన్నీ కుట్టింది. ఎవరూ చెప్పలేదు. చిరుగు చూస్తే చెయ్యి ఊరుకోదు.

ఆమె రోజు ఎలా గడిచేదో రాస్తాను, పరిశోధనలో అది రాయలేదు కాబట్టి. తెల్లవారగానే ఫ్లాస్కు పట్టుకుని మూడంతస్తులు దిగి వేడినీళ్ళ వరసలో నిలబడేది. అక్కడ "వేడినీళ్ళు రోగులకు మాత్రమే" అని బోర్డు ఉంది. తెచ్చి భర్తకు పోసి, తను వరండా చివర మరుగుదొడ్ల పక్కనున్న కుళాయి నీళ్ళు తాగేది. మళ్ళీ దిగి మందుల వరస. మళ్ళీ దిగి రిపోర్టు వరస. లిఫ్టు రోగులకూ డాక్టర్లకూ. ఆమె రోగి కాదు, డాక్టరూ కాదు. భర్త తిని వదిలింది తినేది. అతను వదలని రోజు, ఆకలిగా లేదనేది. రెండు మంచాల మధ్య మూరెడు వెడల్పు చోటులో, ఒక పక్కకే తిరిగి పడుకునేది. రెండో పక్కకు తిరగాలంటే లేచి తిరగాలి.

మొదటి వారం అరవైమందికీ రక్తం తీశారు. తీసేది ప్రయోగశాలలో పనిచేసే ఆయన, గొట్టాలాయన అంటారు. పొదుపుగా మాట్లాడే మనిషి. రక్తం తీసిన గొట్టాన్ని వెంటనే ఐసులో పెట్టాలని, ఆలస్యమైతే గొట్టంలోనే తుప్పు పడుతుందని ఆయనకు భయం. డబ్బా చంకన పెట్టుకుని మెట్లన్నీ పరుగున దిగేవాడు.

ఫలితాలు వచ్చాయి. మంచంవాళ్ళ తుప్పు, పుస్తకంలో రాసినట్టే, ఉండవలసినదానికన్నా ఎక్కువ. నేలవాళ్ళ తుప్పు దానికి రెండింతలు. రంగు సంగతి చెప్పనక్కర్లేదు, గోకితే రాలేంత కూడా లేదు.

పెద్ద డాక్టరుగారు గొట్టాలాయన్ని పిలిపించారు.

"గొట్టాలు తారుమారు చేశావు."

"లేదు సార్."

"ఐసులో పెట్టలేదు."

"పెట్టాను సార్. ఐసు కరగకముందే వచ్చాను. నా మోకాళ్ళను అడగండి."

మూడో వారం మళ్ళీ తీశారు. ఈసారి గొట్టాలమీద అంకెలు పెద్ద డాక్టరుగారే స్వహస్తాలతో రాశారు. మంచంవాళ్ళ తుప్పు కొంత దిగింది. నేలవాళ్ళది ఇంకా ఎక్కింది.

సభ పెట్టారు. లెక్కలు కట్టే నిపుణుడు లేచి, ఈ తేడా పొరపాటున వచ్చింది కాదని, గణితం ప్రకారం గట్టిదని చెప్పాడు. అప్పుడు పెద్ద డాక్టరుగారు మాట్లాడారు. ఆ ప్రసంగం ఆసుపత్రి పత్రికలో పడింది కాబట్టి ఉన్నది ఉన్నట్టు ఇస్తున్నాను.

"మిత్రులారా, ప్రపంచమంతా వైరసు శరీరానికి తుప్పు పట్టిస్తుందని నమ్ముతూ వచ్చింది. మనం గుడ్డిగా నమ్మలేదు. కొలిచాము. రోగుల తుప్పు తక్కువగానూ ఆరోగ్యవంతుల తుప్పు ఎక్కువగానూ ఉన్నది. దీనినిబట్టి తేలేదేమిటి? ఆరోగ్యంగా ఉండడం మానవ శరీరానికి ఎంతటి భారమో, చరిత్రలో మొదటిసారి, ఈ మూడో అంతస్తులో రుజువైంది."

చప్పట్లు కొట్టారు. అవి ఆగాక వెనక వరసలోంచి చిన్న డాక్టరమ్మ లేచి, "సార్, నేలమీద ఉన్నవాళ్ళు నిజంగా ఆరోగ్యవంతులేనా? ఒకసారి పరీక్ష చేసి చూస్తే?" అంది.

"వాళ్ళ దగ్గర కార్డులున్నాయమ్మా," అన్నారు పెద్ద డాక్టరుగారు, చాలా ఓర్పుగా. ఆ అమ్మాయిని మర్నాటినుంచి దూది నిల్వల లెక్క చూసుకోమన్నారు. అది కూడా బాధ్యత గల పనే.

నాలుగో వారానికి లారీ డ్రైవరు కళ్ళు తెల్లబడ్డాయి. ఆకలి పుట్టింది. జబ్బు తగ్గినట్టే గానీ సంతకం ఉంది కాబట్టి మంచం దిగడానికి లేదు. దిండు వీపుకు పెట్టుకుని కూర్చుని, పక్క మంచంవాళ్ళకు లారీ కథలు చెప్పేవాడు. ఒక ఉదయం భార్య దుప్పటి మార్చడానికి వంగితే ముఖంలోకి చూశాడు. చాలా రోజులకు చూశాడు.

"ఏమే, ఇటు తిరుగు. కళ్ళేంటి అలా ఉన్నాయి?"

"ఎలా ఉన్నాయి?"

"మొన్నటిదాకా నావి ఉన్నట్టు."

"మీ ముఖమే చూస్తూ కూర్చుంటే ఇంకెలా ఉంటాయి. జరగండి, దుప్పటి తియ్యాలి."

జరిగాడు గానీ ఊరుకోలేదు. చీటీ రాయించుకోమని తరిమాడు. ఆమె దిగి వెళ్ళి ఓపీ చీటీల కిటికీ దగ్గర నిలబడింది. గుమాస్తా కంప్యూటరులో వేలిముద్ర వేయించుకుని చూశాడు.

"నీకు చీటీ రాదమ్మా. నువ్వు ఆరోగ్యవంతురాలివి."

"కాదు బాబూ. అన్నం చూస్తే వాంతి వస్తోంది. కళ్ళు చూడు."

"కళ్ళు నేను చూడకూడదు, డాక్టరు చూడాలి. డాక్టరు చూడాలంటే చీటీ కావాలి. చీటీ కావాలంటే ఈ ఆరోగ్యం రద్దు కావాలి. పెద్ద డాక్టరుగారి దగ్గర కాగితం తీసుకురా, నొక్కేస్తాను. నాదేముంది, ఒక మీట."

మూడంతస్తులు ఎక్కి పెద్ద డాక్టరుగారి గది ముందు మధ్యాహ్నందాకా నిలబడింది. ఆయన పిలిపించి, కూర్చోబెట్టి, ఎంతో ఆదరంగా మాట్లాడారు. ఒక నేల మనిషిని ఆయన కుర్చీలో కూర్చోబెట్టడం అదే మొదలు.

"అమ్మా, ముప్పైమంది ఉంటేనే లెక్క నిలుస్తుంది. ఇరవై తొమ్మిదైతే పడిపోతుంది. నీ ఒక్కదాని మీద ఎంత విజ్ఞానం ఆధారపడి ఉందో నీకు తెలియదు. ఇంకా పదహారు రోజులే. అప్పటిదాకా ఓపిక పట్టు. ఆ తరవాత నీ ఇష్టం వచ్చిన జబ్బు తెచ్చుకో, నేనే చూస్తాను."

"అప్పటిదాకా ఉంటానా అయ్యా?"

"నీ తుప్పు అంకె చాలా బాగుందమ్మా. అందరికన్నా నీదే ఎక్కువ," అన్నారాయన, మెచ్చుకోలుగా.

ఆ సాయంత్రం వేడినీళ్ళు పట్టుకుని ఎక్కుతూ రెండో అంతస్తు మలుపులో పడిపోయింది. పడుతూ కూడా ఫ్లాస్కును పైకెత్తి పట్టుకునే పడింది. చుక్క ఒలకలేదు. గొట్టాలాయన డబ్బాతో పరుగున దిగుతూ చూసి, ఐసు డబ్బాను మెట్టుమీద వదిలేసి, ఆమెను చేతులమీద మోసుకొచ్చాడు. ఆ రోజు డబ్బాలోని గొట్టాలు తుప్పు పట్టాయని ఆయనకు సంజాయిషీ నోటీసు ఇచ్చారు.

లారీ డ్రైవరు మంచం దిగాడు.

"ఎక్కు," అన్నాడు.

"నేనెక్కితే మీరెక్కడ పడుకుంటారు?"

"లారీ కింద పడుకున్నవాణ్ణి, మంచం కింద పడుకోలేనా? ఎక్కవే బాబూ."

"మీ కాగితం పోతుంది."

"కాగితం ఎక్కడికి పోదు. మంచానికే కట్టి ఉంది."

పెద్ద సిస్టరు వచ్చి నిలబడింది. మంచంమీద మిషనమ్మను చూసింది. నేలమీద లారీ డ్రైవరును చూసింది. ముప్పై ఏళ్ళ నౌకరీ ఆమెది.

"మంచం పదిహేడులో ఒక మనిషి ఉండాలి. ఉన్నారు. నేల పదిహేడులో ఒక మనిషి ఉండాలి. ఉన్నారు. నా లెక్క సరిపోయింది," అంది. కేసు షీటు తీసుకుని, రోగికి కామెర్లు తిరగబెట్టాయని, సెలైను పెట్టాలని రాసింది. సూది గుచ్చుతూ, "గడ్డందాకా దుప్పటి లాక్కో. మాట్లాడకు. నువ్వు మగాడివి, నలభై ఒక్క ఏళ్ళు," అని చెవిలో చెప్పింది.

మర్నాడు రౌండ్సులో పెద్ద డాక్టరుగారు మంచం పదిహేడు దగ్గర ఆగి, కేసు షీటు ఎత్తి, ముఖానికి దగ్గరగా పెట్టుకుని చదివారు. ఆయన ఎప్పుడూ అలాగే చదువుతారు. కాగితం పక్కనుంచి మనిషి కనిపించే వీలుండదు.

"తిరగబెట్టిందే. మందు తాగావా?"

"లేదండి," అంది మిషనమ్మ.

"బీడీలు?"

"ఎన్నడూ ముట్టలేదండి."

"షీటులో రోజుకు రెండు కట్టలని ఉంది. మానేశాక అందరూ ఇలాగే అంటారు. మంచిది. బండి నడపడం మూడు నెలలు వద్దు."

"నడపనండి."

రోగి గొంతు సన్నబడింది, నీరసం లక్షణం, అని పక్కనున్న విద్యార్థి రాసుకున్నాడు. నేలమీద లారీ డ్రైవరు నవ్వు ఆపుకోలేక దగ్గాడు. నేలవాళ్ళు దగ్గితే ఎవరూ రాసుకోరు.

రెండు రోజుల తరవాత అతని అక్క చూడటానికి వచ్చింది. చేతిలో సంచీ నిండా కమలాలు, ద్రాక్షపళ్ళు. గుమ్మంలోనే ఆగిపోయింది.

"అయ్యో నా తమ్ముడా. నిన్ను నేలమీద పడేశారేంట్రా?"

"నాకు తగ్గిందక్కా. దానికే బాగాలేదు."

"దానికేం? రాయిలా ఉంటుంది. ఏమ్మా, మొగుడు కటిక నేలమీద పడుంటే నువ్వు మంచమెక్కి కాళ్ళు చాపావా? మా అమ్మ ఉంటే చూడగలిగేదా ఇది?"

"వదినా, లేవలేకపోతున్నాను."

"లేవాలని ఉంటే లేస్తావులే. ఎలా ఉన్నావురా? ఎంత చిక్కిపోయావు. ఇదిగో ఈ పళ్ళు." సంచీని మంచంమీద పెట్టింది. "దానికి చెప్పి ఒలిపించుకుని తిను."

మిషనమ్మ సెలైను సూది ఉన్న చేతిని కదపకుండా, రెండో చేత్తో ఒక కమలా తీసుకుంది. ఒంటిచేత్తో తొక్క రాలేదు. పళ్ళతో గిల్లి, తొనలు విడదీసి, కిందికి అందించింది. లారీ డ్రైవరు అందుకున్నాడు. చేతిలో పెట్టుకుని చాలాసేపు చూశాడు.

"అయిదు వారాలు తిన్నానే ఇలా," అన్నాడు. "నువ్వు తిన్నావో లేదో ఒక్కసారి అడగలేదు."

"ఇప్పుడడిగితే మాత్రం తినగలనా. వాసన పడటం లేదు. మీరు తినండి."

అక్కగారు వెళ్ళేముందు, తమ్ముణ్ణి జాగ్రత్తగా చూసుకోమని మిషనమ్మకు నాలుగుసార్లు చెప్పి వెళ్ళింది.

తరవాత రోజుల్లో లారీ డ్రైవరు మెట్లు దిగాడు, ఎక్కాడు. వరసల్లో నిలబడ్డాడు. కుళాయి నీళ్ళు నోట్లో పోసుకోబోయి ఆగి, ఉమ్మేసి, ఫ్లాస్కు అడుగున మిగిలిన వేడినీళ్ళు తాగాడు. ఒక పక్కకే తిరిగి పడుకున్నాడు. నాలుగో రోజుకు, లారీయే నయమన్నాడు. మంచంమీద మిషనమ్మ రెండు పక్కలకూ దొర్లి నిద్రపోయింది. అక్కగారు వెళ్ళాక మూడు రోజులు కళ్ళు తెరవలేదు. పెద్ద సిస్టరు వచ్చి ముక్కు దగ్గర వేలు పెట్టి చూసి వెళ్ళేది. ఆరో రోజున మెలకువ వచ్చి, ఆకలేస్తోందంది. ఆ మాట ఆమె నోట లారీ డ్రైవరు పెళ్ళయ్యాక వినడం అదే మొదటిసారి. ఏం చెయ్యాలో తెలియక సంచీలో పళ్ళన్నీ ఒకేసారి ఒలిచేశాడు.

ఆరో వారం చివర గొట్టాలాయన రక్తం తీయడానికి వచ్చాడు. మంచం పదిహేడు దగ్గర మిషనమ్మ చెయ్యి చాపింది.

"ఎలా ఉందమ్మా?" అన్నాడు.

"ఫరవాలేదన్నా. మీ నోటీసు ఏమైంది?"

"జవాబు రాశాను. ఐసు కరిగిందని." గొట్టం మీద మంచం పదిహేడు అని రాశాడు. కిందికి వంగి లారీ డ్రైవరు చెయ్యి పట్టుకుని రక్తం తీసి, నేల పదిహేడు అని రాశాడు. అబద్ధం ఎక్కడా రాయలేదు.

ఫలితాలు మూడోసారీ అలాగే వచ్చాయి. మంచం పదిహేడు తుప్పు తగ్గుతోంది. నేల పదిహేడు తుప్పు, నిన్నమొన్న దిగినవాడిదైనా, అప్పుడే ఎక్కుతోంది. మూడు విడతలూ ఒకే దారిలో ఉన్నాయని, పదిహేడో జత మరీ అచ్చు గుద్దినట్టు ఉందని లెక్కల నిపుణుడు పొగిడాడు. పరిశోధనకు బహుమతి వచ్చింది. పెద్ద డాక్టరుగారికి శాలువా కప్పారు. మంచంవాళ్ళ రంగు తరగకుండా తలా ఒక డబ్బా విటమిను బిళ్ళలు మంజూరు చేశారు. వాటి మూతలు గట్టిగా ఉండటంవల్ల నేలవాళ్ళు తీసి ఇస్తున్నారు. గ్రంథం చివర, "చివరివరకు ఆరోగ్యంగా ఉండి సహకరించిన ముప్పైమందికి కృతజ్ఞతలు" అని అచ్చయింది. నిజానికి ముప్పైమందీ చివరిదాకా లేరు. నేల నాలుగును ఒక ఉదయం లేపితే లేవలేదు. అయితే ఆమె రక్తం అప్పటికే తీసి ఉండటంవల్ల పరిశోధనకు ఇబ్బంది రాలేదు.

మిషనమ్మ బతికింది. డిశ్చార్జి కాగితం భర్త పేరునే వచ్చింది. అతనికి కామెర్లు రెండుసార్లు తగ్గినట్టు అందులో ఉంది. ఆమెకు ఇచ్చినది ఆరోగ్యవంతురాలని ధ్రువపత్రం. ఇంటికి వెళ్ళాక దాన్ని మిషను మీద దుమ్ము పడకుండా కప్పింది.

ఇంటికి చేరిన మర్నాడు లారీ డ్రైవర్ని చూడటానికి వీధిలోవాళ్ళు, చుట్టాలు వచ్చారు. మీరూ వచ్చారు. కుర్చీ అతనికి దగ్గరగా జరుపుకుని ఎలా ఉందని అడిగారు, ఎంత గండం గడిచిందని జాలిపడ్డారు. నాకు కాదు, దానికి, అని అతను చెప్పబోతుంటే, మీరు ఎక్కువ మాట్లాడొద్దన్నారు. ఆమె గోడ పట్టుకుని నడుస్తూ వచ్చింది. మీరు తెచ్చిన పళ్ళసంచీ ఆమె చేతికే ఇచ్చారు, కోసుకు రమ్మని.